ఆషాఢంలో అచ్చంపేట దారి, మధ్యలో ఒక డీజిల్ ఫిల్టరు

పెళ్ళైన తొలి ఏడాది ఆషాఢ మాసంలో కొత్త కోడలు పుట్టింట్లోనే ఉండాలని, ఆ నెల పొడుగునా అత్త, అల్లుడు ఒకే గడప దాటకూడదని మన పెద్దలు ఏనాడో తీర్మానించారు. ఆ తీర్మానం చేసేటప్పుడు కొత్త పెళ్ళికొడుకుల తరఫున ఎవరినైనా పిలిచి అభిప్రాయం అడిగారా అంటే, అడిగిన దాఖలా ఏదీ లేదు. నాకు ఈ వైశాఖంలోనే పెళ్ళైంది. బీకాం రెండో శ్రేణిలో పాసై, ఉద్యోగం వచ్చేదాకా మర్రిగూడలో మా మేనమామ బోరు పైపుల దుకాణంలో కూర్చుంటున్నాను. నా భార్య పద్మది పక్క జిల్లా, అచ్చంపేట దగ్గరి పల్లె. ఆషాఢం రేపనగా వాళ్ళన్న వచ్చి తీసుకుపోయాడు. ఆమె బస్సెక్కేటప్పుడు నేను ఎంతో గంభీరంగా చెయ్యూపాను. ఆ గాంభీర్యం నాలుగో రోజుకు పూర్తిగా ఖర్చైపోయింది.

పదకొండో రోజున ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. అందులో బర్రె ఈనిన సంగతి, వాన పడిన సంగతి, తమ్ముడి దగ్గు సంగతి వివరంగా ఉన్నాయి. చివర, మడత కింద, చీమ తలకాయలంత అక్షరాలతో అసలు సంగతి ఉంది. అచ్చంపేటలో టైపు నేర్చుకుంటోందట. రెండింటికి క్లాసు, మూడున్నరకు వదులుతారు, నాలుగింటికి బస్సు. ఊరి బస్సు స్టేజీ దగ్గర అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. పత్తి గింజలు పెట్టే పని మొదలవుతోంది కాబట్టి ఈ గురువారమే ఆఖరి క్లాసు, ఆ తర్వాత ఇల్లు కదలనివ్వరు. రమ్మని ఎక్కడా రాయలేదు. మూడున్నరకూ నాలుగింటికీ నడుమ అరగంట ఉంటుందని మాత్రం నా బీకాం చదువుతో నేనే తేల్చుకున్నాను. అచ్చంపేట టైపు ఇన్‌స్టిట్యూట్ ముందు ఎవరి గడపా ఉండదు కనుక శాస్త్రం కూడా నా పక్షానే ఉంది.

అచ్చంపేటలో ఒక రైతు పైపులు కావాలని కబురు చేసి పది రోజులైంది. ఆ సరుకు చేర్చే బాధ్యతను ఎవరూ అడగకముందే నేను భుజాన వేసుకున్నాను. "పెండ్లయినంక పిలగానికి బుద్ధొచ్చింది" అని మామ ఇంట్లో చెబుతుంటే విన్నాను, ఖండించలేదు. మామకు ఒక పాత డీజిల్ పికప్ ఉంది. వయసులో నాకంటే చిన్నది, చూపులకు నా తాతలా ఉంటుంది. దాన్ని నడిపేది జహంగీర్ చాచా. అరవైకి దగ్గర పడ్డ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా స్టీరింగు పట్టినవాడు. బండినైనా మాటనైనా నలభై దాటి పోనివ్వడు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు మా మర్రిగూడ వైపు సంగతి ఒకటి చెప్పాలి, లేకుంటే తర్వాత జరిగింది అర్థం కాదు. మా బోర్లలో వచ్చేది ఫ్లోరైడ్ నీళ్ళు. అందుకని నందికొండ, అంటే నాగార్జునసాగర్ వైపు ఏ బండి పోయినా తిరిగి వచ్చేటప్పుడు ఇరవై లీటర్ల డబ్బాల్లో కృష్ణ నీళ్ళు నింపుకుని రావడం మా దగ్గర రివాజు. వానాకాలం మొదట్లో ఆ నీళ్ళు ఎర్రగా ఉంటాయి. పటిక తిప్పి తేరనిచ్చి, పైనున్నవి వంచుకుంటారు. అడుగున మిగిలిన బురద నీళ్ళను కూడా పారబోయరు, మళ్ళీ తేరుతాయని డబ్బాను ఒక మూలన పెడతారు. సాగర్ నీళ్ళు పారబోసేవాడిని మా అవ్వ మనుషుల్లో లెక్కపెట్టదు. బుధవారం సాయంత్రం నేను పక్కనున్న మాల్ ఊరి బంకుకు డీజిల్ కోసం పోతూ, చేతికందిన డబ్బాను మూల నుంచి తీసుకుపోయాను. లోపలికి తొంగి చూడలేదు. కడగలేదా అంటే, మా ఊళ్ళో డబ్బా కడగడానికి నీళ్ళెవరిస్తారు? చాచా ఎప్పుడూ గరాటుకు గుడ్డ కట్టి డీజిల్ పోస్తాడు. గురువారం పొద్దున ఆయన వచ్చేసరికి, ఆలస్యం కాకూడదని, గుడ్డా గిడ్డా లేకుండా నేనే మొత్తం పోసి మూత బిగించాను. తొందర అనేది చదువుకున్నవాడి చేత కూడా ఏమైనా చేయిస్తుంది.

ఎనిమిదింటికి బయల్దేరాం. బస్సులో పోదలచినవాళ్ళు మాల్‌లో ఒకటి, దేవరకొండలో ఒకటి మారాలి, పాతిక రూపాయల్లో పనైపోతుంది కానీ మధ్యాహ్నం దాటుతుంది. మేము మాల్ దగ్గర సాగర్ రోడ్డెక్కి, చింతపల్లి మీదుగా మల్లేపల్లి చేరి, అక్కడ కుడివైపు తిరిగి పదీ పదికి దేవరకొండలో ఆగాం. బస్టాండు ఎదుట టీ రూపాయిన్నర, ఉస్మానియా బిస్కట్టు అర్ధ రూపాయి. కొండ మీది కోట గోడలు రోడ్డు మీదికే కనబడతాయి, వేరే పనిలేనివాళ్ళు ఎక్కి చూడవచ్చు. నాకు వేరే పని ఉంది. డిండి రోడ్డు పట్టాం. తొలకరికి ఎర్ర చెలకలు తడిసి ఉన్నాయి, ఆడవాళ్ళు వరసగా వంగి పత్తి గింజలు పెడుతున్నారు. ఆరేడు కిలోమీటర్లు పోయాక ఒక చిన్న ఎత్తు దగ్గర బండి రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి, ఒకసారి దగ్గి, ఆగిపోయింది. గడియారం పదీ నలభై ఐదు చూపిస్తోంది.

చాచా తాపీగా దిగి బానెట్ లేపాడు. పానా పెట్టి ఫిల్టరు గిన్నెను విప్పి, అరచేతిలోకి వంచాడు. ఎర్రటి నీళ్ళు వచ్చాయి. రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"బేటా, గిది డీజిలా, చెర్వు నీళ్ళా?"

"సాగర్ నీళ్ళు, చాచా" అన్నాను. డబ్బా కథ చెప్పక తప్పలేదు.

"నీళ్ళయితే మంచియే" అన్నాడాయన. "బండికి ఫ్లోరైడ్ బీమారి రావద్దని తాపినవా?"

ఫిల్టరు లోపలి కాగితపు చుట్ట నానిన అప్పడంలా ఉబ్బిపోయి, బురద పట్టి ఉంది. అది ఇక పనికిరాదన్నాడు. దాన్ని పాత పేపరులో చుట్టి నా చేతికిచ్చి, దేవరకొండ పోయి ఇలాంటిదే కొత్తది తెమ్మన్నాడు, మంచి డీజిల్ కూడా తెమ్మన్నాడు. ట్రాక్టరు ఒకటి దొరికితే ఎక్కి పోయాను. స్పేర్ పార్టుల దుకాణాయన పేపరు విప్పి, పోయినవాళ్ళను చూసినట్టు ఒక నిమిషం చూశాడు.

"రబ్బర్ రింగు గూడ ఇయ్యాల్నా?"

"అది లేకుంటే ఏమైతది?"

"ఏంగాదు. సాయంత్రం మళ్ళ నా దగ్గరికే వస్తవ్."

రింగు కూడా తీసుకున్నాను. రెండూ కలిపి నలభై ఎనిమిది రూపాయలు. కొత్త డబ్బా కొని, బోర్లించి చూసి, చొక్కా కొసతో లోపల తుడిచి, డీజిల్ పోయించుకున్నాను. బంకు మనిషి నన్ను వింతగా చూశాడు. జ్ఞానం వచ్చినవాళ్ళను లోకం అలాగే చూస్తుంది. తిరిగి రావడానికి బస్సు దొరికేసరికి పన్నెండున్నర దాటింది, బండి దగ్గర దిగేసరికి ఒకటి కావస్తోంది.

ఈలోపు చాచా ట్యాంకు అడుగున ఉన్న బోల్టు విప్పి నీళ్ళన్నీ వదిలేశాడు. నీళ్ళు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటాయి, ముందు అవే దిగిపోతాయి. ఎర్రనీళ్ళు పోయి పచ్చని డీజిల్ ధార మొదలయ్యాక బోల్టు బిగించాడట. అంతవరకు బాగానే ఉంది. నేను వచ్చేసరికి ఆయన వేపచెట్టు నీడన టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. నాకూ రెండు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టాడు. తిన్నాక చేతులు కడుక్కుని, తువ్వాలు పరచి నమాజు చేశాడు. లేచి తువ్వాలు మడిచాడు. మళ్ళీ విప్పి, ఇంకోరకంగా మడిచాడు. ఒకటిన్నర అయింది.

"చాచా, జర జల్దీ" అన్నాను.

"పైపులేమన్న పాలా, విరిగిపోతానికి?"

"నాలుగింటి లోపల చేరాలె."

"రైతు పది రోజులు ఆగిండు. ఇంకో పూట ఆగడా?"

ఇక దాచి లాభం లేదనిపించింది. జేబులోంచి ఇన్‌లాండ్ లెటరు తీసి చూపించాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. అందుకని చివరి మడత కింద రాసింది నేనే చదివి వినిపించాను. రోడ్డు పక్కన, ఎండలో, తాతలాంటి మనిషికి భార్య రాసిన ఉత్తరం చదవడమన్నది బీకాంలో ఏ పేపరులోనూ లేదు. ఆయన నవ్వలేదు. తువ్వాలును సీటు మీదికి విసిరేశాడు.

"ముందుగాల జెప్పొద్దా? నేను పైపులనుకున్న" అన్నాడు. పానా అందుకుంటూ, "నా నిఖా అయిన వారానికే లారీ మీద పోయిన. నాలుగు నెల్లు. మల్లొచ్చేసరికి గడ్డం పెరిగి ఉండె. మా ఆమె తలుపు తీసి, ఎవరో ఫకీరని గుప్పెడు బియ్యం తెచ్చింది."

"మరి నువ్వేం జేసినవ్?"

"జోలె పట్టిన. ఏం జేస్త? నోట్లకెల్లి మాట రాకపాయె."

అటుపైన నలభై దాటని మనిషి ఎనభై మీద పనిచేశాడు. గిన్నెను డీజిల్‌తో రెండుసార్లు కడిగాడు. పాత రింగు పెచ్చులు గోటితో గీకి తీసి, కొత్త రింగును గాడిలో కూర్చోబెట్టాడు. కొత్త ఫిల్టరు దించి, గిన్నె నిండా మంచి డీజిల్ నింపి బిగించాడు. ఇక గాలి తీసే పని నాది. ఫిల్టరు మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని కాస్త వదులు చేసి, పక్కనున్న చేతి పంపును బొటనవేలితో కొడుతూ ఉండాలి. ముందు నురుగు వస్తుంది, తర్వాత బుడగలు వస్తాయి, బుడగలు పోయి సన్నటి ధార వస్తే గాలి పోయినట్టు. నేను కొట్టాను. నురుగు వచ్చింది, బుడగలు వచ్చాయి, బుడగలే వస్తున్నాయి. బొటనవేలు పొక్కింది. రింగు ఒకచోట మెలిపడి గాలి లాగుతోందని చాచా కనిపెట్టి, మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు. మళ్ళీ మొదటి నుంచి కొట్టాను. అంత శ్రద్ధగా పరీక్షలకు చదివి ఉంటే మొదటి శ్రేణి వచ్చేది. రెండూ యాభైకి ధార పడింది. బండి నల్లటి పొగ ఒకటి వదిలి, ఏమీ జరగనట్టు మోగడం మొదలుపెట్టింది.

డిండి రిజర్వాయరు దగ్గరికి వచ్చేసరికి మూడున్నర. అది చూడదగ్గ చోటు. సగం నిండిన నీళ్ళు, ఆవలి గట్టున బండరాళ్ళు, రోడ్డు వారన వేడిగా చేపలు వేయించి అమ్మే బండ్లు. పెళ్ళైన కొత్తలో ఇటు వస్తున్నప్పుడు పద్మ బస్సు కిటికీలోంచి చూపించి, ఎప్పుడైనా ఇక్కడ దిగుదాం అంది. ఇప్పుడు ఆ చోట నేనున్నాను, ఆమె లేదు. అప్పుడే క్లాసు వదిలి ఉంటారు. మిషను మీద కవరు కప్పి, మెట్లు దిగి, వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసి ఉంటుంది. అరగంట చూస్తుంది. తర్వాత బస్సెక్కుతుంది. చాచా కాలు యాక్సిలరేటరు మీది నుంచి లేవలేదు కానీ, మోస్తున్న పైపులకు, ఆ ఎత్తులకు, మా బండి అంతకంటే పోదు.

హాజీపురం అడ్డరోడ్డు దాటి అచ్చంపేట వైపు మళ్ళాం. పద్మ వాళ్ళ ఊరి స్టేజీ అచ్చంపేటకు ఇవతలే ఈ దారిలోనే వస్తుంది. ఊరి పేరు రాయను, వాళ్ళ బంధువుల్లో చదివే అలవాటున్నవాళ్ళు ఉన్నారు. నాలుగూ ఇరవైకి స్టేజీ కనిపించింది. ఒక దుకాణం, నలుగురైదుగురు మనుషులు, గొడుగు పట్టుకుని మా అత్తమ్మ. ఎదురుగా, దూరాన, అచ్చంపేట నుంచి వస్తున్న బస్సు.

"గామెనా మీ అత్తమ్మ?" అన్నాడు చాచా.

"అవును. ఆపకు, పోనీ. చూస్తే బాగుండదు."

చాచా బండిని దుకాణానికి ఇవతల చింత నీడన ఆపి, దిగి బానెట్ లేపాడు.

"దిగు. పానా పట్టుకొని కిందికి దూరు."

"ఎందుకు?"

"బండి ఖరాబైంది."

"కాలేదు గద చాచా."

"డ్రైవర్ను నేనా, నువ్వా?"

దూరాను. వెల్లకిలా పడుకుంటే లోకం మూరెడు ఎత్తున కనిపిస్తుంది. బస్సు టైర్లు వచ్చి ఆగాయి. ఎవరివో కిర్రు చెప్పులు దిగాయి, తర్వాత పద్మ పాదాలు దిగాయి. మెట్టెలు నేను తొడిగినవే. అటువైపు నుంచి వెండి కడియాల పాదాలు రెండు ఆమెకు ఎదురువచ్చి, ఇద్దరూ కలిసి ఊరి బాట వైపు తిరగబోయి, మా బండి దగ్గర ఆగారు.

"ఏమైందన్నా బండికి?" అత్తమ్మ గొంతు.

"ఫిల్టర్ జాం అయింది చెల్లె. మా మెకానిక్ కింద చేస్తున్నడు. పది నిమిషాల పని."

నేను ఏ బోల్టునో ఒకదాన్ని పానాతో టకటకా కొట్టాను. కడియాల పాదాలు ఒక్కో అడుగూ వేస్తూ బండి వెనకవైపుకు వచ్చి, బయటికి చాచుకుని ఉన్న నా కాళ్ళ దగ్గర నిలబడ్డాయి. నా మొహమంతా మసి, కనిపించినా ఆనవాలు దొరకదు. కానీ కాళ్ళు? రెండు నెలల కిందట, పెళ్ళిలో, ఇత్తడి పళ్ళెంలో పెట్టించి ఈ కాళ్ళను కడిగింది ఆమే. పానా నా చేతిలో ఆగిపోయింది. గొడుగు కొన నా మడమ పక్కన నేలకు ఆనింది.

"గంత పెద్ద పని పది నిమిషాల్ల ఎట్లయితదన్నా?" అంది అత్తమ్మ చివరికి. "ఇరవై పట్టనియ్. తొందర జేస్తె మళ్ళ ఎక్కన్నో ఆగిపోతది." తర్వాత కూతురితో, "పద్మా, నేను దుకాణంల ఉప్పు తీసుకొని వస్త. గా మెకానిక్కు మంచినీళ్ళు గిట్ల కావాల్నేమో అడుగు."

కడియాలు వెళ్ళిపోయాయి. ఉప్పు కొనడానికి దుకాణం పది అడుగులే. పద్మ టైరు పక్కన గొంతుకూర్చుంది.

"మీకు మంచినీళ్ళు గావాల్నా, మెకానిక్ సారూ?"

"మీ అమ్మ పోయిందా?"

"పోయింది."

"బయటికి రానా?"

"వద్దు. స్టేజీ కాడ అందరు చూస్తున్నరు. గట్లనే ఉండు." కాసేపాగి, గొంతు తగ్గించి, "మూడున్నర నుంచి నిలబడ్డ. రావేమో అనుకున్న. ఏడుపొచ్చింది గాని, పక్కన టైపు సారు ఉండె" అంది.

ఇక్కడ పాఠకులకు ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ మాటకు నేను చెప్పాల్సిన జవాబులు పద్నాలుగు రోజులుగా నాలో పోగుపడి ఉన్నాయి. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చిందేమిటంటే డీజిల్ ఫిల్టరు. నీళ్ళు అడుగున ఎందుకుంటాయో, కాగితం ఎలా ఉబ్బుతుందో, రింగు మెలిపడితే గాలి ఎట్లా లాగుతుందో ఆమెకు మొత్తం వివరించాను. కనీసం ఆరు నిమిషాలు పట్టింది. ఆమె చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య సందులోంచి తల వంచి, టైపు రిబ్బను మసి అంటిన వేళ్ళు గడ్డం కింద పెట్టుకుని, శ్రద్ధగా విన్నది.

"గాలి పోయినంక మంచిగ నడుస్తదా?" అంది.

"నడుస్తది."

"ఇంకెన్ని రోజులున్నయి?"

"పదహారు."

"పదిహేనే. ఇయ్యాల అయిపోయినట్టే" అంది. చెయ్యి చాపి నా బొటనవేలు పట్టుకుని దాని మీది పొక్కును చూసింది. వదిలేయలేదు, చూస్తూనే ఉంది.

బానెట్ మూసిన చప్పుడైంది. కడియాలు తిరిగి వచ్చాయి. అత్తమ్మ ఒక బిస్కట్ పుడా చాచా చేతిలో పెట్టి, రోడ్డుతో మాట్లాడుతున్నట్టు, "మా ఇంట్ల గూడ మోటరొకటి ఖరాబుంది. శ్రావణం పడంగనే వచ్చి చూడుమను అన్నా. మొదటి రోజే రమ్మను" అంది. నాలుగు పాదాలు మట్టి బాట పట్టి పోయాయి. రెండు పాదాలు మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాయి.

అచ్చంపేటలో పైపులు దించేసరికి ఆరు. రైతు మమ్మల్ని చూసి, ఇంత తొందరగా తెస్తారనుకోలేదన్నాడు. ఇది రాస్తున్న రోజుకు ఇంకా పదకొండు రోజులున్నాయి, ఆమె లెక్కలో పది. దుకాణంలో కూర్చుని రోజూ ఆ ఇరవై నిమిషాలనే తిరగేస్తున్నాను. చాచా నిజాయితీపరుడు, పని అయిపోయిందనుకుని పద్దెనిమిదో నిమిషానికే బానెట్ మూశాడు. ఆ రెండు, నేను ఫిల్టరు పాలు చేసిన ఆరు, మొత్తం ఎనిమిది నిమిషాలు. అవి చేతిలో ఉంటే మాటలతో పాడుచేసేవాడిని కాను. బండి కింద వెల్లకిలా పడుకుని, ఆ చెయ్యి ఇంకాసేపు అట్లాగే ఉండనిచ్చేవాడిని. కోటలు, రిజర్వాయర్లు ఎన్ని దాటినా, మనిషి కొన్ని ప్రయాణాల్లో చూడడానికి పోయేది చక్రం పక్కన పట్టేటంత జాగాలోనే ఉంటుంది.

అచ్చంపేట వైపు పాత డీజిల్ బండిలో వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. దేవరకొండ దాటితే మళ్ళీ అచ్చంపేట దాకా ఫిల్టరు దొరకదు. కొత్త ఫిల్టరు, దాని రబ్బరు రింగు కాగితంలో చుట్టి సీటు కింద తప్పకుండా పెట్టుకోండి. మీవాళ్ళ ఊరి స్టేజీ దగ్గర బండి ఆగితే మాత్రం, సీటు కింద ఫిల్టరుందని ఎవరికీ చెప్పకండి.